తిరుపతిలో లా చదివి ఎంఅండ్‌ఏ లాయర్ కావచ్చునా?

తిరుపతిలో మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ చేస్తా ఉండాను, నల్సార్ లాంటి నేషనల్ లా యూనివర్సిటీలో చదవలేదు, ఎంఅండ్‌ఏ, అంటే కంపెనీలు కలిపే, కొనే మెర్జర్లు అక్విజిషన్ల వైపు పోవచ్చునా అని అడిగినావు కదా తమ్ముడూ. పోవచ్చు, నేను పోయినా. పెద్ద ఫర్మ్‌లు క్యాంపస్‌కి పోయేది ఎక్కువగా నేషనల్ లా యూనివర్సిటీలకే, మన కాలేజీ గేటు దాకా ఎవురూ రారు, కాబట్టి హైదరాబాద్‌లో ఏదో ఒక చిన్న ఫర్మ్‌లో ఇంటర్న్‌గా దూరు. ఆ మీద అసోసియేట్, సీనియర్ అసోసియేట్. పార్ట్‌నర్ అంటావా, అది ఆ ఏడుకొండలవాడి దయ.

ఈ పనిలో కోర్టుకు పొయ్యేది దాదాపు ఉండదు. మా బంధువులకు ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు, ప్రతి పెండ్లిలో ‘ఏ కోర్టులో ప్రాక్టీసప్పా’ అంటారు, లేదంటే గట్టు తగాదా కాగితాలు చేతిలో పెడతారు. మొదట్లో పనంతా డ్యూ డిలిజెన్సే, అంటే కొనబోయే కంపెనీ కాగితాలన్నీ తవ్వి చూడటం. ఎందుకంటే షేర్లు కొన్నావంటే ఆ కంపెనీ పాత అప్పులు, ట్యాక్స్ నోటీసులు, కేసులు అన్నీ కంపెనీతోనే నీ నెత్తికొస్తాయి.

చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీని బాంబే కంపెనీ కొంటా ఉన్నింది. డేటా రూమ్‌లో, అంటే అమ్మేవాళ్ళు కాగితాలన్నీ చూపించేదానికి పెట్టిన చోట, సేల్ డీడ్‌లు ఉన్నాయి, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) క్లీన్‌గా ఉంది, బాంబే టీమ్ ఇంగ్లీషు ట్రాన్స్‌లేషన్లు చదివి టిక్కు కొట్టేసింది. నేను తెలుగు లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆ భూమి పాత దస్తావేజులు చదువుతా ఉంటే ఒకదాంట్లో, భూమి అమ్మినాయనకు అది ‘డీకేటీ పట్టా’ ద్వారా వచ్చిందని చిన్నగా ఒక లైను. డీకేటీ అంటే గవర్నమెంటు అసైన్ చేసిన భూమి, 1977 చట్టం ప్రకారం అమ్మేదానికి లేదు, రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపించే ఈసీలో ఆ సంగతి ఎట్ల కనపడతాది? (2023లో, అసైన్ చేసి 20 ఏళ్ళు దాటిన వాటిని అమ్ముకునేట్టు సవరణ తెచ్చినారులే, మా డీల్ అంతకు ముందుది.) సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో 22ఏ లిస్టు, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల లిస్టు చూపించమంటే ఆ సర్వే నంబర్ అందులో ఉండనే ఉంది. బాయిలర్ షెడ్డు సరిగ్గా దాని మీదే.

ఫ్యాక్టరీ ఓనర్ పెద్దాయన నాకు గ్లాసు నిండా తోతాపురి జ్యూస్ ఇచ్చి మరీ, ‘మనూరోడివి అయ్యుండి నువ్వే ఇట్ల చేస్తే ఎట్ల నాయనా’ అన్న్యాడు. జ్యూస్ తాగినా, రిపోర్టూ రాసినా.

డీల్ ఆగిపోలేదు. రేటులో కొంత ఎస్క్రోలో, అంటే ఇద్దరికీ కాకుండా మూడోవాళ్ళ దగ్గర పెట్టినారు, రేపు గవర్నమెంటు ఆ జాగా వెనక్కి తీసుకుంటే నష్టం ఫ్యాక్టరీ అమ్మిన పెద్దాయనే భరించాలని షేర్ పర్చేజ్ అగ్రిమెంట్లో ఇండెమ్నిటీ క్లాజు పెట్టినాం.

అందుకే చెప్తా ఉండా, సెబీ 2011 టేకోవర్ రూల్సు, లిస్టెడ్ కంపెనీలో వాటా 25 శాతానికి చేరితే మిగతా షేర్‌హోల్డర్ల దగ్గర ఇంకో 26 శాతం కొంటామని ఓపెన్ ఆఫర్, కంపెనీల విలీనాల గురించి చెప్పే కంపెనీల చట్టం 230 నుంచి 232 సెక్షన్లు, ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి, ఎవుడైనా నేర్చుకుంటాడు. అడంగల్ (ఊరి భూముల రికార్డు) చదివేది బాంబే పిల్లోళ్ళకు రాదు. ఈ వేసవి సెలవుల్లో ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సులకు డబ్బులు కట్టబాక, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందర డాక్యుమెంట్ రైటర్ ఎవరైనా ఉంటే ఆయన పక్కన కూర్చో, పాత దస్తావేజులు చదివించుకో, టీ డబ్బులు మాత్రం నువ్వే ఇయ్యి.