ఫ్లాట్‌టాప్ ఎక్కే ముందు

చిరంజీవి సింధుకి పెద్దమ్మ ఆశీస్సులు.

జూన్‌లో ఆంకరేజ్ వస్తున్నావనీ, ఫ్లాట్‌టాప్ కొండ ఎక్కుతానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అలాస్కాలో ఎక్కువ మంది ఎక్కేది ఈ కొండేనంటారు. ఊళ్లోంచి కారులో అరగంటలో గ్లెన్ ఆల్ప్స్ పార్కింగ్‌కి చేరతాం. అక్కడి నుంచి 400 మీటర్లు పైకెక్కితే శిఖరం. ఆ అంకె చూసి తేలిగ్గా తీసుకుంటావేమోనని ఈ ఉత్తరం.

శిఖరం ఎత్తు సుమారు 1,070 మీటర్లు. మన అరకు లోయే దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ కాఫీ పండుతోంది. ఇక్కడ మాత్రం 600 మీటర్లు దాటాక చెట్లు పలచబడి ఆగిపోతాయి. ఆపైన పొట్టి పొదలు, నాచు, రాళ్లే. 61 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఎండ ఏటవాలుగా పడుతుంది, వేసవి చాలా చిన్నది. చెట్టు లేకపోతే గాలికి అడ్డేముంటుంది? ఊళ్లో చొక్కాతో తిరిగిన రోజే పైన చేతులు కొంకర్లు పోతాయి.

ఇక వాన సంగతి బాగా అర్థం చేసుకో. అలాస్కా సింధుశాఖ నుంచి తడిగాలి వచ్చి చుగాచ్ కొండలకు కొట్టుకుంటుంది. అటు సముద్రం వైపున్న విట్టియర్‌లో ఏడాదికి సుమారు 5,000 మిల్లీమీటర్లు కురిస్తే, కొండల వెనకున్న ఆంకరేజ్‌లో 400 దాకా కురుస్తుంది. ఫ్లాట్‌టాప్ ఉన్నది ఆ కొండల అంచునే. కాబట్టి నెత్తిమీది ఆకాశం చూసి బయలుదేరకు, ఆగ్నేయం వైపు కొండల మీద మబ్బు ఎలా ఉందో చూడు. అటునుంచి మబ్బు దిగుతూ గాలి పెరుగుతోందంటే, ఎంత దూరం ఎక్కినా వెనక్కి వచ్చెయ్యి.

జీన్స్ వద్దు, కాటన్ బనీను కూడా వద్దు. తడిస్తే అవి ఆరవు. 5 డిగ్రీల చలిలో తడిబట్టలతో గాలికి నిలబడితే ఒళ్లు చల్లబడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఉన్ని లేదా సింథటిక్ బట్టలు, పైన రెయిన్ జాకెట్, టోపీ, గ్లవ్స్ ఉండాలి.

చివరి భాగం నిటారుగా ఉంటుంది, రాళ్లు వదులుగా ఉంటాయి, చేతులు కూడా వాడాలి. ఎక్కడం కన్నా దిగడం కష్టం. పైన మనుషులుంటే సరిగ్గా వాళ్ల కింద నిలబడకు, రాయి దొర్లచ్చు. జూన్‌లోనూ కొండవాలు మీది లోతైన చీలికల్లో మంచు మిగిలి ఉంటుంది. సరదాకి దాని మీద జారబోయి దెబ్బలు తిన్నవాళ్లున్నారు. దారిలో మూస్ (ఇక్కడి పెద్ద జాతి దుప్పి) కనబడితే, ముఖ్యంగా పిల్లతో ఉంటే, చుట్టూ తిరిగి వెళ్లు.

పైకెక్కితే మాత్రం ఎంత బాగుంటుందో! పేరుకి తగ్గట్టే శిఖరం చదునుగా ఉంటుంది. పడమర కుక్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయ, ఆకాశం తేటగా ఉంటే ఉత్తరాన 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉత్తర అమెరికాలోకెల్లా ఎత్తైన డెనాలి శిఖరం కనిపిస్తుంది. ఆ రోజుల్లో పగలు 19 గంటలకు పైనే. వెలుతురుందని రాత్రి పది దాకా పైనే కూర్చోకు, అప్పటికి చలి బాగా పెరుగుతుంది. దిగాక టర్నగైన్ ఆర్మ్ అనే సముద్రపు పాయ ఒడ్డుకి వెళ్తే ఆటు సమయంలో బయటపడే బురదలోకి అడుగుపెట్టకు, కాలు ఇరుక్కుంటే రాదు. పోటు త్వరగా వచ్చేస్తుంది.

టికెట్లు ఇంకా బుక్ చేయకపోతే కొండ కోసం ఒక్కరోజు కాదు, మూడు రోజులు ఖాళీగా ఉంచు. అప్పుడు వాతావరణం బాగాలేకపోయినా ఎలాగైనా ఎక్కెయ్యాలన్న టెన్షన్ ఉండదు. గ్లవ్స్, జాకెట్ నా దగ్గరున్నాయి. బూట్లు మాత్రం నీ కాలికి అలవాటైనవే తెచ్చుకో.

మీ పెద్దమ్మ