టెక్ సందేహాలు: ఏ కన్సోల్ గెలుస్తదని కాదు, డిస్క్ ఉంటదా అని అడుగున్రి

ఈసారి మెయిల్ నిండ గేమింగ్ కన్సోల్, అదే టీవీకి తగిలించి గేములాడే డబ్బా, దాని లొల్లే. హన్మకొండ నుంచి ఒక ఇంజినీరింగ్ తమ్ముడు "అన్నా, పీఎస్5 కొనాల్నా ఎక్స్‌బాక్స్ కొనాల్నా, ఎక్స్‌బాక్స్ పనైపోయిందంటున్నరు నిజమేనా" అని రాసిండు. ఇదే ప్రశ్న కరీంనగర్ నుంచి, మంచిర్యాల నుంచి కూడ మాటలు మార్చి వచ్చింది, అందుకే అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్న. గ్రాఫిక్స్ లెక్కలు నన్నడగకున్రి, అవి యూట్యూబ్‌ల మస్తున్నయి.

తమ్మీ, అమ్మకాల్లో సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 5 (పీఎస్5) ముందున్నది, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ బాగ వెనకబడ్డది, ఇందుల దాపరికం ఏం లేదు. మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబర్‌ల యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే గేములు తయారు చేసే కంపెనీని కొనుడు పూర్తి చేసింది, 68.7 బిలియన్ డాలర్ల డీల్ అది, అంత పెట్టినా డబ్బాలు అమ్ముడుపోవుడు పెరగలే, ఆఖరికి తన సొంత కార్ల రేస్ గేమ్ ఫోర్జా హొరైజన్ 5ని 2025ల పీఎస్5 మీదికే తెచ్చింది. ఇంకో కన్సోల్ కంపెనీ నింటెండో దారి వేరు, దాని డబ్బా మన దగ్గర దొరికేది ఎక్కువగ గ్రే మార్కెట్‌లనే, అంటే కంపెనీతోని సంబంధం లేకుండ బయటి నుంచి తెచ్చి అమ్మేటోళ్ల దగ్గర, ఖరాబైతే వారంటీ కోసం ఎవరిని అడగాల్నో తెల్వదు. కాబట్టి నీ దోస్తులు దేని మీద ఆడుతున్నరో అదే కొనుక్కో, అయిపాయె. కానీ చివర్ల "ఎవరో ఒకరు పూర్తిగా గెలిస్తే మంచిదే కదన్నా, కన్ఫ్యూజన్ పోతది" అని రాసినవు చూడు, అక్కడ మండింది నాకు.

ఎందుకో చెప్త విను. 1995 మే నెల, లాస్ ఏంజెలెస్‌ల ఈ3 అనే గేమింగ్ షో. సెగా వాళ్లు సాటర్న్ కన్సోల్ రేటు 399 డాలర్లని చెప్పిన్రు. అదే రోజు సోనీ తరఫున స్టీవ్ రేస్ అనే ఆయన స్టేజీ ఎక్కి తమ ప్లేస్టేషన్ రేటు "299" అని ఒక్క ముక్క చెప్పి దిగిపోయిండు. ఆ వంద డాలర్ల తేడా కొనేటోళ్లకు మిగిలింది, పోటీ ఉండబట్టి. తర్వాత ఆరేండ్లకు, 2001ల, సెగా కన్సోళ్లు తయారు చేసుడే బంద్ పెట్టింది. అప్పట్ల రోజులు గడిచినకొద్ది రేటు దిగేది కూడ, 2000ల అమెరికాల 299 డాలర్లకు వచ్చిన పీఎస్2 2009 నాటికి 99 డాలర్లయింది. ఇప్పుడు చూడు, పీఎస్5 మన దేశంల 2021 ఫిబ్రవరిల 49,990 రూపాయలకు వచ్చింది, 2022 నవంబర్‌ల 54,990 అయింది. పాతబడ్డకొద్ది రేటు పెరుగుడేంది? చిప్పుల ఖర్చు, డాలర్ రేటు అంటరు, అది అబద్ధమేం కాదు, కానీ పక్కన గట్టిగ తరిమేటోడు ఉంటే అంత ధైర్యంగ పెంచరని నా లెక్క.

ఇంకొకటి. 2013ల ఎక్స్‌బాక్స్ వన్ వచ్చే ముందు మైక్రోసాఫ్ట్ వాళ్లు, 24 గంటలకొకసారి నెట్‌కు కలపాలె, పాత డిస్కులు అమ్ముకునుడు కొనుక్కునుడు మీద కట్టడి ఉంటది అని చెప్పిన్రు. జూన్‌ల ఈ3 షోల సోనీ వాళ్లు మా డిస్కులు మీ ఇష్టమున్నోళ్లకు ఇచ్చుకోన్రి అన్నరు, పైగ రేటు వంద డాలర్లు తక్కువ చెప్పిన్రు, హాల్ అంతా చప్పట్లు. పది రోజులు తిరగకముందే మైక్రోసాఫ్ట్ ఆ రూల్స్ వాపస్ తీసుకున్నది. అప్పుడు డిస్క్‌ని కాపాడింది పోటీయే, ఏ కంపెనీ మంచితనం కాదు.

ఇప్పుడేమో డిస్క్ పెట్టే సందే లేని డబ్బాలు అమ్ముతున్నరు, కొంచెం చవక అని మనోళ్లు ఎగబడి కొంటున్నరు. నాకైతే ఆ రకం డబ్బా చూస్తెనే చిరాకు. మన దగ్గర నక్కలగుట్టల ఒకడు గేమ్ అయిపోంగనే కాకతీయ యూనివర్సిటీ హాస్టల్‌ల ఇంకొకనికి డిస్క్ అమ్మి, దాని మీద కొన్ని పైసలేసుకొని కొత్తది కొనుక్కుంటడు. డిస్క్ లేకపోతే ఒకటే దుకాణం, వాడు చెప్పిందే రేటు, అమ్ముకుందామంటే ఏం ఉండదు. చవకగ వచ్చిందనుకున్న డబ్బా నాలుగైదు గేములు కొంటెనే ఆ మిగిలిన పైసలు మింగేస్తది.

ఇగ అసలు భయం ఇక్కడున్నది. కాజీపేట నుంచి ఒక అక్క రాసింది: వాళ్ల బాబు డిస్క్ లేని కన్సోల్‌ల ఆడనీకి టెలిగ్రామ్‌ల ఎవలో తెల్వనోని దగ్గర గేములున్న అకౌంట్ సగం రేటుకు కొన్నడు, కొన్నాళ్లకు అన్ని గేముల మీద తాళం బొమ్మ పడ్డది, అమ్మినోడు బ్లాక్ చేసిండు. ఆమె పంపిన స్క్రీన్‌షాట్‌ల అమ్మినోడు పెట్టిన షరతులున్నయి: "పాస్‌వర్డ్ మార్చొద్దు, టూ స్టెప్ ఆన్ చెయ్యొద్దు, మెయిల్ ఐడీ ముట్టుకోవద్దు, చేస్తే నో రిఫండ్." టూ స్టెప్ అంటే పాస్‌వర్డ్‌తోపాటు ఇంకో కోడ్ కూడ అడిగే రెండో తాళం. తాళం చెవి నా దగ్గరే ఉంటది, పైసలు మాత్రం నువ్వియ్యి అన్నట్టే కదా అది!

అక్కా, ఇది జరిగే తీరు చెప్త. ఒకని అకౌంట్‌ని నీ కన్సోల్‌ల షేరింగ్‌కు ఆన్ చేస్తే ఆ గేములు నీ సొంత అకౌంట్‌ల కూడ ఆడొచ్చు. కానీ అసలు ఓనర్ వెబ్‌సైట్‌ల పోయి అన్ని కన్సోళ్ల నుంచి దాన్ని ఒక్క నొక్కుడుతోని తీసేయొచ్చు, ప్లేస్టేషన్‌ల అయితే ఆర్నెల్లకోసారి ఆ సౌకర్యం ఉన్నది. తీసేసి ఇంకొకనికి అమ్ముకుంటడు. గేములు పోతే పోయినయి, నన్ను భయపెట్టేది వేరే. ఆ అకౌంట్‌ల ఉండంగనే పోరగాళ్లు ఇంట్ల కార్డ్ ఎక్కిస్తరు, అది వాని అకౌంట్‌ల సేవ్ అయితది. "సెట్టింగ్ నేనే చేసిస్త" అంటే తమ సొంత పాస్‌వర్డ్, ఓటీపీ కూడ చెప్పేస్తరు. అదే పాస్‌వర్డ్ జీమెయిల్‌కు కూడ ఉంటది, మన ఇండ్లల్ల అంతే. పెద్ద కంపెనీల దగ్గరే 2011 ఏప్రిల్‌ల సోనీ వాళ్ల ఆన్‌లైన్ గేమింగ్ సర్వీస్ ప్లేస్టేషన్ నెట్‌వర్క్ హ్యాకై దాదాపు 7.7 కోట్ల అకౌంట్ల వివరాలు పోయినయి, టెలిగ్రామ్‌ల ముక్కు మొహం తెల్వనోన్ని ఎట్ల నమ్ముతరు?

ఇప్పుడు చెయ్యాల్సింది: ఆ అకౌంట్‌ని కన్సోల్‌ల నుంచి తీసెయ్, కార్డ్ ఎక్కించి ఉంటే బ్యాంకుకు చెప్పి బ్లాక్ చేపియ్, బాబు సొంత అకౌంట్‌కు, మెయిల్‌కు పాస్‌వర్డ్‌లు వేరువేరుగ మార్చి టూ స్టెప్ పెట్టు. కార్డ్‌ల పైసలు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. బాబును మాత్రం కొట్టకు, రేట్లు అట్ల పెట్టినోళ్లది కూడ తప్పే.

జమ్మికుంట తమ్ముడు సెకండ్ హ్యాండ్‌ల కొంటున్నడట, ఏం చూడాలె అన్నడు. డిస్క్ ఉన్నదే కొను. బయటి దేశం డిస్క్ నడుస్తది కానీ దాని డీఎల్‌సీ, అంటే గేమ్‌కు అదనంగ డౌన్‌లోడ్ చేసుకునే భాగాలు, నీ ఇండియా అకౌంట్‌ల నడవకపోవచ్చు. పైసలిచ్చే ముందు రీసెట్ కొట్టిపిచ్చి, నీ అకౌంట్‌తోని నెట్‌కు కలిపి చూడు, ఎందుకంటే కంపెనీ బ్యాన్ చేసిన డబ్బాను రీసెట్ కొట్టినా లాభం లేదు, అది మళ్ల ఆన్‌లైన్‌కు రాదు. అమ్మెటోడు ఇంట్ల వైఫై లేదంటే నీ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టు, దానికి కూడ వద్దన్నడంటే లేచి వచ్చెయ్.