ఫ్యాన్లు తిరుగుతున్నా డిస్‌ప్లే రాకపోతే

కంప్యూటర్ మదర్‌బోర్డు మీద డీర్యామ్ అని రాసిన చోట పసుపు లైటు ఆరట్లేదంటే, ర్యామ్ (మెమరీ కడ్డీ) సరిగ్గా కూర్చోలేదనే ముందు అనుమానించాలి. ఫ్యాన్లు తిరిగి, మానిటర్ నల్లగా ఉండిపోవడం కూడా అందుకే. బోర్డు పోయిందని టెన్షన్ పడి కావలి నుంచి నెల్లూరు దాకా మోసుకెళ్ళకండి.

1. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి.

2. ర్యాములు రెండూ తీసి, ఒక్కటే పెట్టండి. నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది.

3. అందరూ పొరబడేది ఇక్కడే. చాలా బోర్డుల్లో కదిలే క్లిప్పు ఒక వైపే ఉంటుంది. అది టక్‌మనగానే అయిపోయిందనుకుంటాం. క్లిప్పు లేని రెండో కొస మాత్రం వెంట్రుకవాసి పైకి లేచే ఉంటుంది. నాదీ అంతే, ఒంగోల్లో ఒక ఆదివారమంతా దీనికే పోయింది. ఫోన్ టార్చ్ వేసి పక్కనుంచి చూడండి. బంగారు రంగు గీతలు ఒక వైపు ఎక్కువ కనిపిస్తే, ఆ కొసను బొటనవేలితో గట్టిగా నొక్కండి. బోర్డు కొంచెం వంగినట్టనిపిస్తుంది, భయం లేదు.

4. మీది డీడీఆర్ 5 రకం ర్యామ్ అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. ఓ పావుగంట ఆగండి, మధ్యలో ఆపొద్దు.

5. డిస్‌ప్లే వచ్చాక, మళ్ళీ ఆపి ప్లగ్గు తీసి, రెండో ర్యామ్ నాలుగో స్లాట్‌లో పెట్టండి.

లైటు ఆరినా బొమ్మ రాలేదా? విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే, మానిటర్ హెచ్‌డీఎంఐ కేబుల్ బోర్డుకు కాదు, ఆ కార్డుకు పెట్టండి.