పాల మీద రంగులు పరిగెత్తేటప్పుడు ఫోటో షార్ప్‌గా రావాలంటే ఏం చేయాల?

ప్రొద్దుటూరు తమ్ముడూ, ప్లేట్లో పాలు పోసి ఫుడ్ కలర్ చుక్కలేసి సబ్బు తగిలిస్తే రెండు సెకన్లకే అంతా కలిసిపోయి మట్టి రంగు వస్తాంది, ఫోటోలో ట్యూబ్‌లైట్ గీత తప్ప ఏం కనపడట్లేదు, మంచి కెమెరా కొనాల్నా అన్నా అని అడిగినావు కదా. కొనొద్దు. నేను అనంతపురంలో పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తా, సీజన్ లేనప్పుడు ఇంట్లో నాకు ఇదే పని, నాకు బాగా నచ్చినవి చాలా వరకు ఫోన్‌తో తీసినవే. నువ్వు చెప్పినదాన్ని బట్టి చూస్తే సబ్బు ఎక్కువైతాంది, లైట్ ఉండాల్సిన చోట లేదు.

ముందు సబ్బు సంగతి. నీళ్ల సర్ఫేస్ టెన్షన్, అంటే పై పొర గుంజి పట్టుకునే బలం, 25 డిగ్రీల దగ్గర మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, గిన్నెలు తోమే లిక్విడ్ కలిస్తే 30 చుట్టుపక్కలకు పడిపోతాది, పాలది ఈ రెండిటి మధ్యలో ఉంటాది. సబ్బు తగిలిన చోట పై పొరకు పట్టు తగ్గుతాది, చుట్టూ పాలకు మాత్రం పట్టు అట్లే ఉంటాది, తాడాటలో ఒక పక్కోళ్లు చేతులు వదిలేస్తే తాడు అవతలికి పోయినట్టు పై పొర బయటికి గుంజుకుపోతాది, రంగు దాంతోపాటే పోతాది. దీన్నే మారంగోని ఎఫెక్ట్ అంటారు, ఇటలీకి చెందిన కార్లో మారంగోని 1865లో దీని మీద థీసిస్ రాసినాడు, అంతకు పదేళ్ల ముందే 1855లో జేమ్స్ థామ్సన్ అనే ఇంజనీరు వైన్ గ్లాసు గోడల మీద చుక్కలు కట్టి జారేదానికి ఇదే కారణమని చెప్పినాడు. అంటే రంగు కదలాలంటే అక్కడికీ ఇక్కడికీ తేడా ఉండాల. ప్లేటంతా సబ్బు పరుచుకుంటే ఆ తేడా పోతాది, ఇంక బాటిలంతా పోసినా ఏం కదలదు, ఆ పాలు పారబోసి మళ్లీ పోసుకోవాల్సిందే. అందుకే ఇయర్ బడ్ వద్దు, అది సబ్బు బాగా పీల్చుకుంటాది. కాలిపోయిన ఊదుబత్తి పుల్ల కొనను సబ్బులో ముంచి తుడిచి, అంటీ అంటనట్టు తగిలించు. కాసేపాగి ఇంకో చోట తగిలించు. అట్లయితే ఆట చాలాసేపు నడుస్తాది.

ప్లేటు కూడా చూసుకో, తోమినాక సబ్బు సరిగ్గా పోకుంటే ఆట మొదలుకాకముందే అయిపోతాది, కాబట్టి నీళ్లు మార్చి మార్చి కడిగి ఆరబెట్టు. స్టీలు ప్లేటు అంచు మెరుస్తాది, తెల్ల పింగాణీది తీసుకో. పాలు కాచొద్దు, కాచినవైతే పైన మీగడ కట్టి రంగు దాని మీదే కూర్చుంటాది. ఫుల్ క్రీమ్ ప్యాకెట్లో కొవ్వు 6 శాతం, టోన్డ్‌లో 3, నాకు ఫుల్ క్రీమ్‌లోనే రంగులు సన్నగా చీలి ఆకుల ఈనెల్లాగా వస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసి చల్లదనం పోయిందాకా ఆగు, అట్లని ఎండాకాలం బయటే మర్చిపోతే విరిగిపోతాయి. కిరాణా కొట్లో దొరికే పొడి రంగైతే నీళ్లలో పల్చగా కలుపు, నీళ్లు పాలకంటే తేలిక కాబట్టి రంగు పైనే నిలబడతాది, చిక్కగా కలిపితే మునిగిపోతాది.

ఇప్పుడు లైట్, నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. నిండుగా ఉన్న ప్లేటు అద్దంతో సమానం, దానికి ఎదురుగా పైన ఏముంటే అదే ఫోటోలో పడతాది, ట్యూబ్‌లైట్ ఉంటే ట్యూబ్‌లైట్, నీ మొహం ఉంటే నీ మొహం. ఇంట్లో లైట్లన్నీ ఆపి, ప్లేటు కిటికీ పక్కన పెట్టుకో, కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టు. ఫోన్‌కూ ప్లేటుకూ మధ్యలో, లెన్స్ ముందు నల్ల గుడ్డ గానీ నల్ల చార్ట్ గానీ పట్టుకుని లెన్స్‌కు సరిపడా బొక్క పెట్టు, ఆ తర్వాత రంగులు ఎంత లోతుగా కనపడతాయో నువ్వే చూస్తావు. మెరుపు తగ్గించేదానికి లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ కొనమని చాలామంది చెప్తారు, అది నిలువు నుంచి 53 డిగ్రీల వాలులో చూసినప్పుడు బాగా పనిచేస్తాది, నేరుగా పైనుంచి తీస్తే దాంతో లాభం లేదు. ఇంకోటి, మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, ఫాస్ట్ షట్టర్‌లో అడ్డగీతలు పడేది దానికే. పగటి వెలుగుకు ఆ తిప్పలే లేవు. మే నెలలో మన దగ్గర 40 దాటుతాది, ఫ్యాన్ వేస్తే పాలు వణుకుతాయి, అందుకని పొద్దున్నే పెట్టుకోవాల.

సెట్టింగ్స్ సింపుల్, ప్రో మోడ్‌లో (సెట్టింగ్స్ మనమే మార్చుకునే మోడ్) షట్టర్ సెకనులో 1/250 గానీ 1/500 గానీ, ఐఎస్ఓ (వెలుతురు పట్టే శక్తి) 400 లోపు, ఫోకస్ రంగు చుక్క అంచు మీద లాక్ చేసేయి, ఎందుకంటే తెల్లటి పాల మీద ఫోన్‌కు పట్టుకునేదానికి ఏం దొరకదు. ప్రో మోడ్ లేకుంటే ఎక్స్‌పోజర్ ప్లస్ 1 దాకా పెంచు, లేకుంటే పాలు బూడిద రంగులో వస్తాయి. స్టాండ్ మీద పెట్టి బర్స్ట్ నొక్కు, వరసగా ఫోటోలు పడతాయి. 4కే వీడియోలోంచి తీసినా ఒక్కో ఫ్రేమ్ 8 మెగాపిక్సెల్ వస్తాది, ఇన్‌స్టాకు చాలు.

రంగులు అక్కర్లేదు, కదలిక ఎక్కువసేపు ఉంటే చాలనుకుంటే హారతి కర్పూరం ట్రై చేయి. శుభ్రమైన నీళ్ల మీద మిరియాల పొడి సన్నగా చల్లి కర్పూరం ముక్క చిన్నది వేస్తే దానంతటదే తిరుగుతాది, కర్పూరం నీళ్ల మీద పరుచుకున్నట్టే గాల్లోకి పోతా ఉంటాది కాబట్టి సబ్బులాగా తొందరగా ఆగిపోదు. దీనికి మాత్రం షట్టర్ అర సెకను పెట్టు, పొడి తిరిగిన దారులు గీతలుగా వస్తాయి.