చాసిస్‌కు తుప్పు, ఫోన్‌కు ముప్పు

ప్రశ్న: మాది కాకినాడ. సెకండ్ హ్యాండ్‌లో ఫోర్ బై ఫోర్ జీపు కొన్నాను. ఆదివారాలు ఉప్పాడ వైపు బీచ్‌లో నడుపుతుంటాను. చాసిస్ (బండి అడుగున ఉండే ఇనుప చట్రం) మీద తుప్పు మొదలైంది. బ్యాటరీకి తగిలిస్తే తుప్పును ఆపేస్తుందంటూ ఆన్‌లైన్‌లో ఒక ఎలక్ట్రానిక్ బాక్సు కనిపించింది. కొనవచ్చా? చాసిస్ లోపల చూద్దామని ఎండోస్కోప్ కెమెరా (సన్నటి తీగ చివర ఉండే బుల్లి కెమెరా) కూడా తెప్పించాను. యాప్ కోసం డబ్బా మీద క్యూఆర్ కోడ్ ఉంది. ఇన్‌స్టాల్ చేయబోతే ఎస్సెమ్మెస్, కాంటాక్టులు, యాక్సెసిబిలిటీ అనుమతులు అడుగుతోంది. ఇవ్వమంటారా?

జవాబు: బాక్సు కొనకండి. అనుమతులు అసలే ఇవ్వకండి.

ముందు బాక్సు సంగతి. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ల నుంచి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ఇనుము ఎలక్ట్రాన్లు కోల్పోవడంతోనే తుప్పు మొదలవుతుంది కాబట్టి బయటి నుంచి కరెంటు ఇచ్చి ఆపవచ్చన్న సూత్రం నిజమే. 1824లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఓడల రాగి తొడుగుకు జింకు, ఇనుప ముక్కలు తగిలించి ఒక లోహం కరిగిపోతూ ఇంకో లోహాన్ని కాపాడుతుందని చూపించాడు. ఓడల అడుగు భాగాన్ని, భూమిలో పాతిన పైపులైన్లను నేటికీ ఈ దారిలోనే కాపాడుతున్నారు. కానీ ఓడ నీళ్లలో ఉంటుంది, పైపు తడి మట్టిలో ఉంటుంది. సర్క్యూట్‌ను పూర్తి చేసేది ఆ నీరు, ఆ మట్టే. మీ జీపు చుట్టూ ఉన్నది గాలి. బాక్సు మీద లైటు వెలుగుతుందే తప్ప చాసిస్‌కు ఒరిగేదేమీ ఉండదు. అమెరికాలో వినియోగదారుల తరఫున పనిచేసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1990లలోనే ఇలాంటి పరికరం అమ్మినవాళ్ల మీద చర్య తీసుకుంది. అదే సరుకు ఇప్పటికీ కొత్త డబ్బాలో అమ్ముడుపోవడం చూస్తే కోపం వస్తుంది.

మీకు అసలు శత్రువు చాసిస్ లోపల ఉంది. చాసిస్ పట్టీలు డబ్బా గొట్టాల్లా బోలుగా ఉంటాయి. నీళ్లు పోవడానికి కింద రంధ్రాలుంటాయి. బీచ్ ఇసుక, బురద వాటిని మూసేస్తే లోపల ఉప్పునీరు నిలిచిపోతుంది. ఆరిపోయిందనుకున్నా ఉప్పు ఊరుకోదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పే నీరు పీల్చి చెమ్మగిల్లుతుంది. సముద్రపు ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడుకైతే అంత తేమ కూడా అక్కర్లేదు. అందుకే వాన పడకపోయినా, షెడ్డులో పెట్టినా మీ ఊళ్లో బండి తుప్పు పడుతుంది.

బీచ్ నుంచి వచ్చిన రోజే అడుగు భాగాన్ని, గొట్టాల లోపలి భాగాన్ని మంచినీళ్లతో కడిగించండి. రంధ్రాలు తీగతో పొడిచి తెరవండి. పూర్తిగా ఆరాక, పొరలుగా ఊడుతున్న తుప్పును వైరు బ్రష్‌తో గీకి, మిగిలినదానికి రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే ద్రవం), పైన జింక్ ప్రైమర్, పెయింటు వేయించండి. గొట్టాల లోపలికి పొడవాటి నాజిల్‌తో క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో కొట్టే మైనం) గానీ లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) స్ప్రే గానీ కొట్టించాలి. రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు. బ్రేకులు, సైలెన్సర్ మీద పడకుండా చూడండి. తుప్పు మీదే నల్లటి తారు కోటింగ్ కొట్టి పంపే సర్వీసింగ్ షెడ్లున్నాయి. అలా చేస్తే తేమ ఆ కోటింగ్ కింద చిక్కుకుపోయి, పైకి నున్నగా కనిపిస్తూనే లోపల ఇనుమును తినేస్తుంది. సుత్తితో తట్టినప్పుడు ఇనుము లొంగినా, రాలినా ఇక కోటింగ్‌ల జోలికి పోకుండా మంచి వెల్డర్‌కు చూపించండి.

ఇక నన్ను భయపెడుతున్న విషయం ఆ యాప్. కెమెరా కొనడం మంచి పనే. కానీ ప్లే స్టోర్‌లో కాకుండా క్యూఆర్ కోడ్‌తో నేరుగా దిగే ఏపీకే ఫైల్‌ను (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్) ఎవరు తయారు చేశారో, అందులో ఏముందో మీకు తెలిసే దారి లేదు. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో చుట్టుపక్కల వైఫై వెతకడానికి లొకేషన్ అనుమతి తప్పనిసరి కాబట్టి, వైఫై కెమెరా యాప్ లొకేషన్ అడిగితే కారణం ఉంది. ఎస్సెమ్మెస్‌లతో కెమెరాకు పనేమిటి? ఎస్సెమ్మెస్ అనుమతి ఇస్తే బ్యాంకు పంపే ఓటీపీ చదవగలదు. యాక్సెసిబిలిటీ ఇస్తే మీ స్క్రీన్ మీద ఏముందో చూడగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. చూపు సరిగా లేనివాళ్లకు, చేతులు సహకరించనివాళ్లకు సాయపడాలని పెట్టిన సదుపాయం అది. నకిలీ ఈ-చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకేలు ఖాతాలు ఖాళీ చేసేది ఇలాంటి అనుమతులతోనే. అన్నిటికీ ‘అలౌ’ నొక్కేసి, తర్వాత ఏం చేయాలని ఉత్తరం రాసేవాళ్లు తగ్గడం లేదు. దయచేసి నొక్కే ముందే అడగండి.

అసలు ఒక కెమెరాకు సొంత యాప్ ఎందుకు? ‘యూవీసీ’ (విడిగా సాఫ్ట్‌వేర్ లేకుండా పనిచేసే యూఎస్‌బీ కెమెరాల ప్రమాణం) అని రాసి ఉన్న యూఎస్‌బీ ఎండోస్కోప్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి, విండోస్‌లో ఉండే కెమెరా యాప్ తెరిస్తే బొమ్మ వచ్చేస్తుంది. ఖాతా, లాగిన్ ఏమీ అక్కర్లేదు. దారి ఇంత తేలికగా ఉండగా ఊరూపేరూ లేని యాప్‌ను అంటగట్టడం తయారీదారుల నిర్లక్ష్యం. వీలైతే మీ కెమెరాను వెనక్కిచ్చి ఈ రకం తీసుకోండి.

బండ్ల కంపెనీలదీ ఇదే ధోరణి. కొత్త మోడల్ రాగానే స్క్రీన్ ఎన్ని అంగుళాలో, ఇంటర్నెట్ నుంచి అప్‌డేట్లు ఎలా వస్తాయో గొప్పగా చెబుతున్నారు. చాసిస్ లోపల వ్యాక్స్ కొట్టారా, తుప్పుకు ఎన్నేళ్ల వారంటీ ఇస్తున్నారు అన్నది బ్రోచర్‌లో వెతికినా దొరకదు. స్క్రీన్ పాడైతే మార్చుకోవచ్చు. చాసిస్ పోతే బండే పోతుంది. షోరూంకి వెళ్లినప్పుడు ఆ ప్రశ్నే ముందు అడగండి.

ప్రశ్న: అలాంటి యాప్‌కే యాక్సెసిబిలిటీ ఇచ్చేశాను. ఇప్పుడు తీసేద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ కావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: వెంటనే వైఫై, మొబైల్ డేటా రెండూ ఆపేయండి. ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు పనిచేయని స్థితి) ఆన్ చేసి, సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ (ఫోన్ మీద అదుపు ఇచ్చేది) అనుమతులు తీసేసి అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అప్పటికీ పోకపోతే ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డులు, యూపీఐ పిన్ మార్చాలి. పాస్‌వర్డులు మార్చేది మాత్రం వేరే ఫోన్ నుంచే. ఖాతాలో డబ్బు పోయినట్టు కనిపిస్తే ఇవన్నీ పక్కనపెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.