టాప్ టెన్ దగ్గరే ఆగిపోకు

పశ్చిమ మాంబళం, చెన్నై

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో చూశాను. చిన్న కంపెనీల షేర్లు కొనే మ్యూచువల్ ఫండ్ నెలనెలా ఇచ్చే ఫ్యాక్ట్‌షీట్‌లో మొదటి పది పేర్లకి గీత కొట్టి, "ఎలాగూ వీళ్లు కొన్నవే కదా మామయ్యా, ఇవే మనం డీమ్యాట్‌లో నేరుగా కొనుక్కుంటే ఫండ్ వాళ్ల ఖర్చులు తప్పుతాయి కదా" అని అడిగావు. నా మాట అయితే వద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే అసలు ఫండ్ కొన్న షేర్ల లిస్టు ఎలా చదవాలో చెప్పాలి. ఫోన్‌లో మొదలుపెడితే నువ్వు మీటింగ్ ఉందని మధ్యలో పెట్టేస్తావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ ఫోటో పక్కన పడెయ్. అసలు లిస్టు ఫండ్ వాళ్ల వెబ్‌సైట్‌లో 'పోర్ట్‌ఫోలియో డిస్‌క్లోజర్' అనే చోట ఎక్సెల్ ఫైలుగా దొరుకుతుంది. నెల ముగిసిన పది రోజుల్లోపు పెట్టి తీరాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. కంపెనీ పేరు, ఐసిన్ నంబరు (ఒక్కో షేరుకీ ఉండే గుర్తింపు సంఖ్య), ఇండస్ట్రీ, ఎన్ని షేర్లు, వాటి విలువ లక్షల్లో, ఫండ్‌లో ఎంత శాతం, ఇవీ అందులో ఉండే కాలమ్స్. ఒక్క నెల ఫైలుతో ఏమీ తెలియదు. ఇప్పటిది ఒకటి, ఆరు నెలల కిందటిది ఒకటి డౌన్‌లోడ్ చేసుకుని పక్కపక్కన పెట్టుకో.

ఇందులో ఒక మెలిక ఉంది. ఫండ్ మేనేజరు ఈ నెల రెండో తారీఖున కొన్న షేరు నీకు కనిపించేది వచ్చే నెల పదో తారీఖుకి. అంటే దాదాపు నలభై రోజుల తర్వాత. అమ్మకమూ అంతే. నువ్వు గీత కొట్టిన పది పేర్లూ గత నెల ఆఖరి రోజుకి వాళ్ల దగ్గర ఉన్నవి. ఈ రోజుకి ఉన్నాయో లేదో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

అందరి కళ్లూ శాతం కాలమ్ మీదే ఉంటాయి. నువ్వు షేర్ల సంఖ్య చూడు. ఒక కంపెనీ 1.5 శాతం నుంచి 2.4 శాతానికి వెళ్లిందంటే మేనేజరుకి నమ్మకం పెరిగిందని యూట్యూబ్‌లో చెప్పేస్తుంటారు. షేర్ల సంఖ్య అలాగే ఉంటే ఆయన ఒక్క షేరూ కొనలేదన్నమాట, ధర పెరిగింది, అంతే. శాతం పెరిగినా సంఖ్య తగ్గితే మరీ గమనించాలి. ధర ఎక్కుతుంటే ఆయన మెల్లగా దించుకుంటున్నాడు. అదే సమయంలో జనం ఎగబడి కొంటుంటారు. ఇంకో సంగతి, సంఖ్య ఉన్నట్టుండి ఐదింతలు అయితే కంగారు పడి నాకు ఫోన్ చెయ్యకు. ఐసిన్ కూడా మారిందేమో చూడు. ముఖ విలువ 10 రూపాయల షేరును 2 రూపాయలవిగా విడగొడితే పాత ఐసిన్ పోయి కొత్తది వస్తుంది. ఉచితంగా బోనస్ షేర్లు ఇస్తే ఐసిన్ మారదు, సంఖ్య మాత్రమే పెరుగుతుంది. రెండు ఫైళ్లను పోల్చేటప్పుడు నేను కంపెనీ పేరుతో కాకుండా ఐసిన్‌తోనే పోల్చుకుంటాను. పేర్లు మార్చుకునే కంపెనీలకి మన దేశంలో కొదవ లేదు.

'చిన్న కంపెనీ' అంటే ఇక్కడి అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో రేకుల షెడ్డు అనుకుంటున్నావేమో. సెబీ 2017లో పెట్టిన లెక్క ప్రకారం మార్కెట్ విలువలో మొదటి వంద కంపెనీలు పెద్దవి, 101 నుంచి 250 దాకా మధ్యరకం (మిడ్‌క్యాప్), 251 నుంచి కిందివన్నీ చిన్నవి (స్మాల్‌క్యాప్). ఫండ్ కంపెనీల సంఘం యాంఫీ ఆరు నెలలకోసారి ఈ జాబితా సవరిస్తుంది. ఈ మధ్య జాబితాల్లో ఆ 251వ మెట్టు ముప్పై వేల కోట్ల రూపాయల ప్రాంతంలో ఉంది. కుంభకోణంలో 1904లో పుట్టిన సిటీ యూనియన్ బ్యాంకు, కరూరులో 1916లో మొదలైన కరూర్ వైశ్యా బ్యాంకు ఈ ఫండ్లలో తరచు కనిపించే పేర్లు. కొనమని చెప్పడం లేదు. నూరేళ్లు దాటిన బ్యాంకులు కూడా ఈ గంపలోనే ఉంటాయని చెబుతున్నాను, అంతే.

స్మాల్‌క్యాప్ ఫండ్ కనీసం 65 శాతం ఈ చిన్నవాటిలో పెట్టాలి. మిగతా 35 శాతం వాళ్ల ఇష్టం. అందుకే ఒక్కోసారి లిస్టులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు లాంటి పేరు తగులుతుంది. "ఇదేం చిన్న కంపెనీ?" అని తిట్టుకోకు. జనం ఒక్కసారిగా డబ్బు వెనక్కి అడిగితే గంటలో అమ్ముకోగలిగే సరుకు కొంత ఉండాలి కదా. ఆ మిగతా భాగంలో ఏముందో చూస్తే మేనేజరు ఎంత ముందుచూపుతో ఉన్నాడో కొంత తెలుస్తుంది.

నీ ప్రశ్నకి అసలు జవాబు ఇప్పుడు చెబుతాను. కాగితం, పెన్ను తీసుకో. ఫండ్ మొత్తం 20,000 కోట్లు అనుకుందాం. అందులో 2 శాతం ఒక కంపెనీలో పెట్టారంటే 400 కోట్లు. ఆ కంపెనీ మార్కెట్ విలువ 8,000 కోట్లు అనుకో. ప్రమోటర్ల (కంపెనీని నడిపే యజమానుల) దగ్గర 60 శాతం ఉంటే బయట తిరిగే షేర్ల విలువ 3,200 కోట్లే. అందులో ఎనిమిదో వంతు ఈ ఒక్క ఫండ్ చేతిలోనే ఉంది. ఆ షేరులో రోజుకి 10 కోట్ల వ్యాపారం జరుగుతుందనుకో, ధర చెడకుండా ఫండ్ రోజుకి 2 కోట్లకి మించి అమ్మలేదు. నాలుగు వందల్ని రెండుతో భాగించు. రెండు వందల ట్రేడింగ్ రోజులు! పది నెలల పని. దీపావళి ముందు ఆదివారం కిక్కిరిసిన రంగనాథన్ స్ట్రీట్‌లోకి వెళ్లడం లాంటిదే ఇది, లోపలికి జనమే తోసుకెళతారు, బయటికి రావడంలోనే ఉంది తంటా అంతా.

ఫండ్‌తో పోలిస్తే నీకు ఒక మేలు ఉంది, కాదనను. నీ రెండు లక్షలు ఒక్క పూటలో అమ్ముకోవచ్చు. కానీ ఎప్పుడు అమ్మాలో నీకు చెప్పేదెవరు? అంత పెద్ద చెయ్యి అమ్మడం మొదలుపెడితే ఆ షేరు నెలల తరబడి నలుగుతుంది. నీకు తెలిసేది వచ్చే నెల పదో తారీఖుకి. ఈలోగా ఏదో చెడ్డ వార్త వచ్చి లోయర్ సర్క్యూట్ (ఆ రోజుకి ధర పడగల అట్టడుగు హద్దు) తగిలితే కొనేవాడే ఉండడు. ఫండ్‌కి అది యాభైలోనో వందలోనో ఒక పేరు. నీకైతే పదిలో ఒకటి. కొన్న కారణం నీది కానప్పుడు అమ్మే ధైర్యం కూడా రాదు.

ఈ లెక్క ప్రతి కంపెనీకీ నువ్వే కట్టుకోనక్కర్లేదు. 2024 మార్చి నుంచి మిడ్‌క్యాప్, స్మాల్‌క్యాప్ ఫండ్లన్నీ స్ట్రెస్ టెస్ట్ ఫలితాలు నెలనెలా పెడుతున్నాయి. పోర్ట్‌ఫోలియోలో సగం అమ్మడానికి ఎన్ని రోజులు, పావు వంతు అమ్మడానికి ఎన్ని రోజులు అని అందులో ఉంటుంది. మొదటి పదిమంది పెట్టుబడిదారుల వాటా ఎంతో కూడా ఉంటుంది. అదీ చూడు. అది పెద్దదిగా ఉంటే నలుగురు లేచి వెళ్లినా మిగిలినవాళ్లకి ఇబ్బందే. కాకపోతే ఆ రోజుల లెక్కలో బొత్తిగా కదలని 20 శాతం సరుకుని పక్కన పెట్టేస్తారు. కాబట్టి 25 రోజులు అని రాస్తే అచ్చంగా 25 అని నమ్మకు. రెండు ఫండ్లను పోల్చడానికి మాత్రం పనికొస్తుంది. ఒకదానికి పది, ఇంకోదానికి యాభై అని ఉంటే తేడా నిజమే.

ఇక ఇండస్ట్రీ కాలమ్. బ్యాంకుల తరఫున స్టాక్ ఆడిట్లు (గోడౌన్లలో సరుకు లెక్క చూడ్డం) చేస్తూ అంబత్తూరు, శ్రీపెరుంబుదూరు షెడ్లన్నీ తిరిగినవాణ్ణి, దీని మీద నాలుగు మాటలు ఎక్కువే చెబుతాను. లిస్టులో ఒక కంపెనీ 'ఆటో విడిభాగాలు' కింద, ఒకటి 'పారిశ్రామిక ఉత్పత్తులు' కింద, ఇంకోటి 'రసాయనాలు' కింద ఉంటుంది. చూడ్డానికి మూడు వేరు వేరు రంగాలు. గేటు దాటి గోడౌన్‌లోకి వెళ్లి చూస్తే మూడింటి అట్టపెట్టెల మీదా ఒకే కార్ల కంపెనీ పేరు. ఒకరు బేరింగులు చేస్తారు, ఒకరు రబ్బరు గొట్టాలు, ఒకరు పెయింటు. ఆ పెద్ద కొనుగోలుదారు ఆర్డరు తగ్గిస్తే ముగ్గురికీ ఒకే నెలలో జ్వరం వస్తుంది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించినప్పుడు చెన్నై దగ్గరి మరైమలై నగర్ ఫ్యాక్టరీకే సరుకు పంపే చిన్న యూనిట్ల పరిస్థితి ఏమైందో ఈ ఊళ్లో అడిగితే చెబుతారు.

ఇది ఎక్సెల్‌లో కనిపించదు. దానికి వార్షిక నివేదిక తెరవాలి. చివర్లో నోట్స్ ఉంటాయి, ఎవరూ చదవరు. అందులో 'సెగ్మెంట్' సమాచారం అనే నోటు వెతుకు. ఒక్క కొనుగోలుదారు నుంచే 10 శాతం, అంతకుమించి ఆదాయం వస్తుంటే ఆ సంగతి అక్కడ చెప్పాలని అకౌంటింగ్ ప్రమాణం ఉంది. పేరు చెప్పాల్సిన పని లేదు, మొత్తం చెప్తే చాలు. టాప్ టెన్‌లో ఓ మూడింటికైనా ఈ నోటు చదివితే నీకు వచ్చే అవగాహన పది వీడియోలు చూసినా రాదు. అదే ఊపులో స్టాక్ ఎక్స్చేంజీ సైట్‌లో ఆ కంపెనీ షేర్‌హోల్డింగ్ పాటర్న్ తెరిచి ప్రమోటరు తన షేర్లు తాకట్టు పెట్టాడేమో చూడు. మూడు నెలలకోసారి మారుతుంది. తాకట్టు పెరుగుతూ పోతుంటే నాకు ఆ కంపెనీ మీద మాట్లాడాలనే ఉండదు.

కంపెనీలు ఎన్ని ఉండాలని అడుగుతావు. కొన్నింట్లో అరవై ఉంటాయి, కొన్నింట్లో రెండు వందలు దాటతాయి. ఎక్కువ ఉన్నంత మాత్రాన తప్పు పట్టను, డబ్బు వరదలా వచ్చినప్పుడు ఇంకెక్కడ పెడతారు? పైగా ఒక ఫండ్ హౌస్ తన స్కీములన్నీ కలిపినా ఏ కంపెనీలోనూ 10 శాతానికి మించి ఓటు హక్కు షేర్లు కొనకూడదు. సైజు పెరిగేకొద్దీ చిన్నవాటిలో పెట్టడం కష్టమే. కొందరు కొత్తగా, ఒకేసారి పెద్ద మొత్తంగా వచ్చే లంప్‌సమ్ తీసుకోవడం ఆపేసిన సందర్భాలూ ఉన్నాయి. అలా ఆపినవాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

అడుగున 'ట్రెప్స్' అనో 'రివర్స్ రెపో' అనో ఒక లైను ఉంటుంది. అది చేతిలో ఉన్న నగదు కిందే లెక్క. నాలుగైదు శాతం మామూలే. నెలనెలా పెరిగి పన్నెండు, పదిహేనుకి వెళితే మేనేజరుకి ఈ ధరల్లో కొనబుద్ధి కావడం లేదన్నమాట. లేదా కొత్త డబ్బు పెట్టడానికి టైం దొరకలేదు. రెండింట్లో ఏదో తర్వాతి రెండు ఫైళ్లు చూస్తే తెలిసిపోతుంది.

మరి ఏం చెయ్యమంటావు అంటే, నీ దగ్గర ఇప్పుడున్న స్మాల్‌క్యాప్ ఫండ్లు రెండూ తీసుకుని ఐసిన్ ప్రకారం ఎన్ని పేర్లు కలుస్తున్నాయో చూడు. సగానికి సగం ఒకటే అయితే రెండెందుకు? స్ట్రెస్ టెస్ట్‌లో తక్కువ రోజులు పట్టేదాన్ని ఉంచుకుని రెండోదాని సిప్ (నెలనెలా కట్టే వాయిదా) ఆపెయ్. మొత్తం పెట్టుబడిలో ఈ రకం ఐదో వంతుకి మించనివ్వకు, ఇది నా లెక్క, పుస్తకాల్లోది కాదు. ఏడెనిమిదేళ్లలోపు కావాల్సిన డబ్బు, అంటే పెరుంగుడి ఫ్లాటుకి మీరు దాచుకుంటున్న అడ్వాన్సు, ఇందులో పైసా పెట్టొద్దు. 2008లో బీఎస్‌ఈ స్మాల్‌క్యాప్ సూచీ 70 శాతానికి పైగా పడింది. ఆ ఏడాది జనవరిలో ఉన్న ఎత్తుని మళ్లీ దాటడానికి 2017 దాకా పట్టింది. నూరు ముప్పై అయ్యాక మళ్లీ నూరు కావాలంటే మూడింతలకు పైగా పెరగాలి మరి. అల్లుడుగారు రోజూ యాప్ తెరిచి టెన్షన్ పడుతున్నారన్నావు. ఆయనకి ఈ పేరా ఒక్కటి చదివి వినిపించు.

ఆపేసిన ఫండ్‌లో ఉన్న పాత డబ్బు తొందరపడి తియ్యకు. చాలా ఫండ్లలో ఏడాదిలోపు తీస్తే 1 శాతం ఎగ్జిట్ లోడ్ (ముందే తీసినందుకు కోత) ఉంటుంది. సిప్‌లో ప్రతి వాయిదాకీ ఆ ఏడాది విడిగా లెక్క. ఏడాదిలోపు లాభం మీద పన్ను 20 శాతం. ఏడాది దాటినవాటికి, సంవత్సరానికి 1.25 లక్షల దాకా లాభం మీద పన్ను లేదు, పైదానికి 12.5 శాతం. 2024 జులై 23 నుంచి ఇవే రేట్లు. నువ్వు ఖర్చుల గొడవ ఎత్తావు కాబట్టి ఒకటి చూసుకో. మీ ఆఫీసుకి వచ్చిన ఏజెంటు పెట్టించింది ఏజెంటు కమిషన్ కలిసిన రెగ్యులర్ ప్లానే అయ్యుంటుంది. సిప్ కొనసాగించే ఫండ్‌లో ఇకపై వాయిదాలు కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్‌లోకి మార్చుకో, నువ్వు తప్పించుకోవాలనుకున్న ఖర్చులో కొంత అక్కడే తగ్గిపోతుంది. పాత యూనిట్లు మార్చడమూ అమ్మకం కిందే లెక్క. అందుకని ఏడాది నిండినవే, లాభం 1.25 లక్షల పరిమితి దాటకుండా, ఈ మార్చిలోపు కొన్ని, ఏప్రిల్ మొదలయ్యాక కొన్ని మార్చు.

ఇట్లు
మీ మామయ్య