ఊళ్లో అందరికీ మంచివాడైన మనిషి, గుంపులో చేరితే ఇంకొకణ్ణి అంత ఘోరంగా ఎలా కొడతాడు?

కొట్టేటప్పుడు తను తప్పు చేస్తున్నానని అనుకోడు కాబట్టి. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని వాట్సాప్‌లో పుకార్లు తిరిగాయి కదా, అప్పుడు ఉమ్మడి నల్గొండ పల్లెల్లో కర్రలు పట్టినవాళ్లు కూడా పొద్దున చేనుకు పోయి సాయంత్రం హోటల్ దగ్గర చాయ్ తాగేవాళ్లే. ఊరిని కాపాడుతున్నామన్న నమ్మకం, పైగా ఎవడో మొదటి దెబ్బ వేశాక రెండోది వేయడం తేలిక, ఇరవయ్యో దెబ్బ ఎవరిదో ఎవరికీ లెక్కుండదు.

మొదట చిన్నది, తర్వాత కొంచెం పెద్దది, అసలు కిటుకు ఇదే. 1961లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మామూలు జనాన్ని పిలిచి, జవాబు తప్పు చెప్పినవాడికి కరెంటు షాక్ ఇవ్వమన్నాడు. షాక్ ఉత్తుత్తిదే, ఆ సంగతి వాళ్లకు తెలియదు. 15 వోల్టులతో మొదలై మెట్టుమెట్టుకీ పెంచుతూ, చెమటలు పడుతున్నా, 40 మందిలో 26 మంది 450 దాకా వెళ్లారు, పక్కన కోటు వేసుకున్న సారు కానివ్వమంటున్నాడని.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, అలాంటోళ్లు పుట్టుకతోనే రాక్షసులనుకుంటారు, లేదంటే ఆ పరిస్థితిలో ఎవరైనా అంతే, వాళ్ల తప్పేం లేదంటారు. రెండోది మరీ అన్యాయం, మిగతా 14 మంది మధ్యలోనే ఆపేశారు.